ముందే నింపిన ‘బాగుంది’

హలో… ఆ, నేనే. చెప్పరా.

ఇంట్లోనే ఉన్నాను, బట్టలు మడతపెడుతున్నాను… లేదు, మీ బావ ఇంకా రాలేదు. ఏంటి, అక్కంటూ ఒకతి ఉందని ఇవాళ గుర్తొచ్చిందా?

ఊఁ… ఊఁ… నీ లిఫ్టుల కంపెనీకి నేను రాసిచ్చిన వెబ్‌సైటు సంగతా. ఏమైంది దానికి, తెరుచుకోవట్లేదా?

తెరుచుకుంటోంది… బాగానే ఉంది… బాగానే ఉంటే మరి నాకెందుకు ఫోను?

పాత కాపీలా? ఏ పాత కాపీలు?… ఓ, ఏదైనా మార్చినప్పుడల్లా అది దాచుకునేవా. వాటిని తీసెయ్యాలా? అవుంటే నీకేం నొప్పి, అన్నం పెట్టమంటున్నాయా?… చోటు సరిపోవట్లేదా. ఒరేయ్, అవన్నీ కలిపినా నీ కూతురి ఫోటో ఒక్కదాని బరువుండవు. ఎవరు చెప్పారు నీకు ఈ చోటు కథ?

…

నసగకు. ఉన్నదేంటో చెప్పు.

తొందరగా తేల్చాలా. నాకేం తొందర లేదు, నీకేంటి?… మరదలూ పాపా వస్తున్నారా ఆఫీసుకి. బూట్లు కొనడానికా. సరే, వాళ్లొచ్చేలోపు చెప్పెయ్.

రేపు ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడు… లిఫ్టులు చూసే ఇన్‌స్పెక్టరేగా, వస్తే రానీ… ఆ దర్జీ ఆవిడ విషయం మీదేనా. ఎలా ఉంది ఆవిడకి?… తెలీదా? నువ్వు చూడ్డానికి వెళ్లలేదా ఇంకా?

పళ్లు పంపించావా.

బాగుంది. నీ కంపెనీ చూసుకునే లిఫ్టు మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. ఆవిడ కుట్టిన బట్టల మూట పట్టుకుని గంట నొక్కింది, నొక్కింది, అది మోగితేనా. గొంతు పోయేదాకా అరిచి, ఇక ఎవరూ రారని తలుపు సందులోంచి దిగబోతే లిఫ్టు కదిలి కాలు నలిగిపోయింది. ఆవిడ కాలితో మిషను తొక్కి బతికే మనిషిరా. నువ్వు పళ్లు పంపించావు.

సరే, సరే… తిట్టనులే. చెప్పు.

ఆ… గ్రీజు బాబాయి… అవును, ఆ లిఫ్టు చూసిన మెకానిక్ అని పేజీ కింద ఆయన పేరే ఉంది. నువ్వే పంపావుగా ఫోటో తీసి. ‘తాడు బాగుంది, బ్రేకు బాగుంది, గంట బాగుంది.’ అది చూసిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించట్లేదు. నాన్న పక్కన జీవితమంతా గ్రీజు పూసుకున్న మనిషి. మనిద్దర్నీ చెరో భుజం మీద మోసిన మనిషి. లిఫ్టు పైకి ఎక్కి చూడకుండా అన్నిటికీ ‘బాగుంది’ కొట్టేసి వచ్చాడా అని… అవును, తిట్టుకున్నాను. నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. పొద్దున బజార్లో పిన్ని ఎదురైతే మొహం తిప్పుకుని వచ్చేశాను. వాళ్లాయన్ని నాలుగు అడుగుదామన్నంత కోపం వచ్చింది.

సరే, తప్పు ఆయనది, పేరు ఆయనది. మరి పాత కాపీలు నీకెక్కడ అడ్డం?

…

తమ్ముడూ, నిన్నే.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ వాలకం. ఆగు, లాప్‌టాప్ తీస్తున్నాను… ఎందుకేంటి, చూడ్డానికి… నువ్వొద్దంటే మానేస్తానా. నేను నీ ఆఫీసులో గుమాస్తాని కాదు. నీ అక్కని, ఆ సైటు రాసిందాన్ని. లైన్లో ఉండు. పెట్టేశావంటే ఆటో ఎక్కి నేనే వచ్చేస్తాను.

ఊఁ… తెరుచుకుంది.

నువ్వు చెప్పు, నేను వింటూనే ఉన్నాను… ఊఁ… కొత్త మాల్ వాళ్లు… ఊఁ… వాళ్లకీ మనకీ కాంట్రాక్టు… ఒక్క నిమిషం.

ఇదేంటి.

ఒరేయ్, ఇదేంటి?

ఈ లైను నేను రాసింది కాదు.

ఏ లైనా… తెలీనట్టు అడుగుతున్నావు కాబట్టి తెలీనివాడికి చెప్పినట్టే చెప్తాను. చెవులు రిక్కించుకుని విను.

వంటింట్లోకి కొత్త డబ్బాలు కొన్నామనుకో. ఏది దేనికో తెలియాలని ముందు పేర్లంటిస్తాం. ఉప్పు, పంచదార, టీపొడి. ఇక్కడ లిఫ్టు భాగాల పేర్లు. తాడు, బ్రేకు, తలుపు, గంట, లైటు, ఇంకా చాలా ఉన్నాయి. ఆ పేర్లని సైట్లు రాసేవాళ్లం ‘కీ’లు అంటాం. ఆ డబ్బాల వరస మొత్తాన్ని ‘అర్రే’ అంటాం. పేరు చెప్పి అడిగితే ఆ డబ్బాలో ఏముందో తీసిస్తుంది… అసలు విషయానికే వస్తున్నాను, ఆగు. డబ్బాలు ముందే పేర్చి పెట్టకపోతే, ఎవరూ ముట్టుకోని భాగం పేజీలో కనిపించనే కనిపించదు. కనిపించనిది ఎవరికి గుర్తుంటుంది? అందుకని పేర్లన్నీ ఇటిచ్చి, ఒక్క మాట అటిచ్చానంటే, ఒకే ఒక్క లైను అన్ని డబ్బాల్లోనూ ఆ మాట రాసిన చీటీ వేసేస్తుంది. ప్రతి లిఫ్టుకీ, ప్రతి నెలా ఒకటో తారీఖున కొత్త డబ్బాలు, కొత్త చీటీలు. మెకానిక్ వెళ్లి బ్రేకు చూశాడనుకో, ఆ డబ్బాలో చీటీ తీసేసి తను చూసింది రాసి వేస్తాడు. ఎవరూ ముట్టుకోని డబ్బాలో నేను వేసిన చీటీయే పడుంటుంది. ఆ లైన్లో మాట మారిస్తే, పాత నెలల్లో ఎవరూ ముట్టుకోని చీటీలు కూడా మారిపోతాయి.

నేను వేసిన చీటీ మీద ఏముండేది?

…

చెప్పరా, నీకు తెలుసు.

‘చూడలేదు.’ అంతే, ఎర్ర అక్షరాల్లో. ఎవరూ చూడంది చూడలేదనే ఉండాలి. ఇప్పుడక్కడ ఏముందో చదవనా? ‘బాగుంది.’ పచ్చగా, పసరు పూసినట్టు.

ఒక్క మాటే కదా అంటావా.

అవును, ఒక్క మాటే. డాక్టరు రోగి మొహం చూడకముందే కాగితాలన్నిటి మీదా ‘ఆరోగ్యంగా ఉన్నాడు’ అని అచ్చు కొట్టించి పెట్టుకుంటే అదీ ఒక్క మాటే. ఎవడూ లిఫ్టు దరిదాపులకి పోకపోయినా ఒకటో తారీఖు పొద్దునకల్లా ఊళ్లో లిఫ్టులన్నీ వాటంతటవే బాగుంటాయన్నమాట. మెకానిక్ ఇంట్లో ముసుగుతన్ని పడుకున్నా బాగుంటాయి. బ్రేకు అరిగి రేకు తేలినా బాగుంది. మోగని గంటా బాగుంది. ఛీ.

నా తప్పా? నాదెలా అయింది?… ఓహో. అన్నిటికీ ఒకేసారి నింపే లైను నేను రాయకపోతే నువ్వు మార్చేవాడివే కాదు. ఒక్కొక్కటీ విడిగా రాసుంటే నీకు ఓపిక ఉండేది కాదు. అబ్బో, ఏం తెలివిరా. కూరలు తరుక్కోమని కత్తిపీట ఇస్తే వేలు కోసి, పీట ఇచ్చినవాళ్లదే తప్పన్నట్టుంది. అదీ నీ వేలైతే సరే అనుకుందును, కోసింది ఎవరి వేలో.

ఉండు, మాట్లాడకు. బాబాయి ఆ రోజు ఏం పెట్టాడో చూస్తున్నాను… ఉంటుంది. మనుషులు చేత్తో పెట్టినవి వేరే చోట దాస్తుంది. మనం ముందే వేసిన చీటీల్ని అక్కడ కలపదు… అవును, అది నీకు తెలీదు. తెలీదు కాబట్టే బతికిపోయింది.

…

ఒక్కటే ఉంది.

లైటు. ‘లైటు మార్చాను.’ అంతే. ఆ లిఫ్టులో ఆయన ముట్టుకున్నది ఆ ఒక్క డబ్బా. మిగతావన్నీ నువ్వేసిన చీటీలు, కింద ఆయన పేరు.

లైటొక్కటి మార్చి రమ్మన్నదెవరు?… ఎవరు? గట్టిగా చెప్పు… నువ్వే. ‘మిగతావి తర్వాత చూద్దువుగానీ, ముందు మాల్‌కి పరిగెత్తు’ అన్నావు. మరి ఆ తర్వాత ఎప్పుడొచ్చింది? ఆవిడ కాలు పోయాక వచ్చింది.

ఏంటీ, మాట మార్చింది నువ్వు కాదా. పాస్‌వర్డు అందరికీ తెలుసా. తెలీదా మరి, కూతురి పుట్టినరోజు పెట్టుకుంటే వీధిలో కుక్కలకి కూడా తెలుస్తుంది. కానీ ఏది మార్చినా, ఎందుకు మార్చామో పక్కన రాయకపోతే అది ఒప్పుకోదు. నేనే అలా పెట్టాను. మార్చినవాడు బుద్ధిగా రాశాడు పాపం. చదువుతాను విను. ‘మాల్ ఓనరు ఎరుపు వద్దన్నారు. అక్కకి చెప్పొద్దు.’

…

అక్కకి చెప్పొద్దు. ఊళ్లో నేను ఇంకెవడికి అక్కనిరా?

నవ్వకు. నాకు నవ్వు రావట్లేదు. చిన్నప్పుడూ ఇంతే నువ్వు. పళ్లు తోమావా అంటే బ్రష్షు తడిపి తెచ్చి చూపించేవాడివి. అమ్మ నవ్వేది, నేను నవ్వేదాన్ని. అప్పుడే వీపు విమానం మోత మోగించాల్సింది.

ఊఁ, ఇప్పుడొచ్చావు దారికి. చెప్పు… లాబీలో పెద్ద స్క్రీను పెట్టారు… సగం ఎర్రగా కనిపించింది… వచ్చినవాళ్లు ఎక్కడానికి భయపడ్డారు… కాంట్రాక్టు తీసేస్తామన్నారు. భయపడాలనే కదరా ఎరుపు పెట్టింది. ఎరుపు పోవాలంటే మనుషుల్ని పంపించి చూపించాలి. నాన్న ఉన్నప్పుడు ఇంటినిండా మెకానిక్కులే, మధ్యాహ్నం వాకిట్లో చెప్పులు పట్టేవి కావు. నువ్వొచ్చి ఇద్దర్ని మిగిల్చావు. ఇద్దరు మనుషులు ఊరంతా చూడలేరు. అందుకని చూడ్డం మానేసి రంగు మార్చావు. మసి పూసి మారేడుకాయ చేయడం అంటారు. నువ్వు మసి కూడా దండగనుకున్నావు.

అందరూ చేసేదేనా. అందరూ అంటే ఎవరు? పేర్లు చెప్పు, వాళ్ల లిఫ్టులూ ఎక్కడం మానేస్తాను.

కోపం కాదురా. కోపమైతే నాలుగు అరిచి, సాయంత్రానికి నేనే ఫోను చేసి తిన్నావా అని అడిగేదాన్ని. అసహ్యంగా ఉంది. పాలగిన్నెలో బల్లి పడితే ఎన్నిసార్లు తోమినా మళ్లీ అందులో తాగబుద్ధి కాదు చూడు, అలా ఉంది నీ గొంతు వింటుంటే.

సరే, పెట్టెయ్. నేను బాబాయికి ఫోను చేసుకోవాలి… ఎందుకు వద్దు?… ఇప్పుడు కుదరదా? ఎక్కడున్నాడు?

నీ దగ్గరా?

నీ గది బయట కుర్చీలో. ఎందుకు కూర్చోబెట్టావు?… ఏం కాగితం?

చదువు… చదవరా. రాయించినప్పుడు లేని సిగ్గు చదవడానికొచ్చిందా.

…‘చూడకుండానే అన్నీ బాగున్నాయని నేనే పెట్టాను. ఇందులో కంపెనీకి ఏ సంబంధమూ లేదు.’ ఊఁ. కింద ఆయన సంతకం. పోలీసులూ కోర్టూ ఆయన మెడకి. నువ్వు రేపు ఇన్‌స్పెక్టర్‌కి టీ తాగించి, చేతులు దులుపుకుని బూట్ల షాపుకి వెళ్తావు.

సంతకం పెట్టేశాడా?… ఇంకా లేదా. కళ్లజోడు తెచ్చుకోలేదా. పిన్ని తెస్తోందా. ఆ కళ్లజోడే ఆయన పాలిట దేవుడైంది పో.

అసలు ఆయనెందుకు ఒప్పుకున్నాడు?… కాదు, తిన్నగా చెప్పు. బాబాయి ఊరికే తలూపే మనిషి కాదు. నాన్ననే మొహం మీద తిట్టినవాడు. స్క్రూ బిగించమంటే ముందు అరగంట సణిగి, ఆ తర్వాత బిగించేవాడు. అలాంటివాడు గంగిరెద్దులా వచ్చి నీ గుమ్మం ముందు కూర్చున్నాడంటే నువ్వేం చెప్పి ఉంటావు? గోడౌన్లో కూర్చోబెడతాను, నీడపట్టున ఉండొచ్చు అన్నావా?… అది కాదా. మరి?

…

మళ్లీ చెప్పు.

‘ఈ ఫోన్లు నాకు సరిగ్గా రావు నాయనా, నా వేలే ఎక్కడో తగిలుంటుంది’ అన్నాడా.

అని ఏడ్చాడా.

నువ్వేమన్నావు?

…

ఏమీ అనలేదు. ఆయన తన వేలి వల్ల ఒక ఆడమనిషి కాలు పోయిందని నీ ఎదురుగా కూర్చుని ఏడుస్తుంటే, ఎవరి వేలో తెలిసి తెలిసి, నువ్వు నోరు మూసుకుని కూర్చున్నావు. పైగా కాగితం రాయించావు.

థూ.

అవును, నిన్నే అన్నాను. ఇంకెవరున్నారు.

నాన్న పేరు ఎత్తకు… కంపెనీ పేరు పోతే నాన్న పేరు పోతుందా? నాన్న పేరు మొన్నే పోయింది, ఆ లిఫ్టులో. నువ్వు కాపాడుతున్నది నీ కుర్చీని. బళ్లో ఫీజులు, ఇంటి వాయిదాలు, మరదలి ఆరోగ్యం, అన్నీ చెప్పు, వింటాను. అన్నీ నిజమే. బాబాయికి మాత్రం ఇల్లూ వాకిలీ లేవా? పిన్నికి ఆరోగ్యం ఉండక్కర్లేదా?

తీసెయ్యను. ఒక్క కాపీ కూడా తీసెయ్యను… కాళ్లు పట్టుకుంటావా. నా కాళ్లెందుకు, అవి బాగానే ఉన్నాయి. ఆస్పత్రిలో ఒకావిడ కాలికి కట్టుంది, వెళ్లి అక్కడ పట్టుకో.

అవన్నీ వేరే చోటికి ఎక్కించేశాను కూడా, నువ్వు నాన్న గురించి చెప్తుండగానే. రేపు ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి నేనూ అక్కడుంటాను… రాకపోతే ఎలా? ఇంట్లో మనిషినే కదా, టీ నేనే ఇస్తాను.

ఇంకొకటి అడుగుతాను. ఆ మాట మార్చడానికి నీకెంతసేపు పట్టింది?… అంతేనా. నాకూ అంతే పడుతుంది.

ఆగను.

‘బాగుంది’ తీసేశాను. ‘చూడలేదు’ పెట్టాను… ఎందుకు మార్చావని అడుగుతోంది. రాస్తున్నాను. ‘ఎవరూ చూడలేదు కాబట్టి.’ అయిపోయింది.

నీ బల్ల మీద స్క్రీను ఇటు తిప్పుకుని చూడు.

…

ఎర్రబడిందా.

ఊళ్లో నీ స్క్రీన్లన్నీ అలాగే ఉంటాయి ఇప్పుడు. మాల్ లాబీలో కూడా… అదిగో, మోగుతోంది నీ రెండో ఫోను. మాల్ వాళ్లేనా?… ఎత్తు. ‘మీ లిఫ్టులు ఇంకా చూడలేదండీ’ అని చెప్పు. నిజం చెప్తే నోరేం అరిగిపోదు.

అరవకు. నువ్వెంత గట్టిగా అరిస్తే బయట కుర్చీకి అంత బాగా వినిపిస్తుంది.

ఏంటీ? అవన్నీ బాగానే ఉన్నాయి, ఊరికే జనాన్ని భయపెడుతున్నానా?… నీకెలా తెలుసు?… గొడవకి కాదు, తెలుసుకుందామనే అడుగుతున్నాను. బాగున్నాయని నీకెలా తెలుసు? ఎవరు చూసి చెప్పారు?… అన్నేళ్లుగా ఏమీ కాలేదు కాబట్టా. దర్జీ ఆవిడ లిఫ్టు కూడా ఏమీ కానన్నాళ్లు ఏమీ కాలేదురా.

వేరేవాళ్లవి ఎందుకు, నీదే తీసుకుందాం. నాన్న కింద షెడ్డులో కూర్చునేవాడు, నువ్వు ఎనిమిదో అంతస్తు ఎక్కావు. నీ బిల్డింగు లిఫ్టు చూసేది కూడా నీ కంపెనీయేగా. ఆ పేరు నొక్కు… నొక్కు, ఒట్టి పేరేగా, కరవదు. నొక్కి నాకు చదివి వినిపించు.

…

బ్రేకు?… చూడలేదు. ఊఁ. తాడు?… గంట?… తలుపు?… లైటు? లైటు కూడానా. పోయిన నెల నొక్కు… అంతకు ముందు నెల?… అదీ ఎరుపేనా. పచ్చ ఎక్కడైనా ఉందేమో వెతుకు.

…

హలో?

హలో… ఉన్నావా?

మాట్లాడవేంరా?… ఎవరితో మాట్లాడుతున్నావు? ఆ రెండో ఫోన్లోనా?

…

మరదలా.

కిందకి వచ్చేశారా… పాప లిఫ్టు బటను నొక్కేసిందా.

…

విన్నాన్రా. ఫోను మూసి పెట్టడం కూడా చేతకాదు నీకు. ‘ఎక్కొద్దు’ అన్నావు. ‘పాపని ఎక్కించొద్దు, అక్కడే ఉండండి, నేనే దిగి వస్తున్నాను’ అన్నావు.

ఏమైంది? బాగానే ఉన్నాయన్నావుగా ఇప్పుడే.

…

ఊఁ. నాకు జవాబు చెప్పక్కర్లేదు. నాకొక్కదానికే వినిపించిందనుకుంటున్నావా? బయట కుర్చీలో ఉన్నాయనకి కళ్లజోడు లేదు గానీ చెవులున్నాయి… గుమ్మంలో నిలబడ్డాడా. ఫోనివ్వు ఆయనకి.

ఇవ్వు.

బాబాయ్… ఆ, నేనే.

బాబాయ్, ముందు ఇది విను. నీ వేలు ఎక్కడా తగల్లేదు… కాదు. నువ్వు పెట్టింది లైటొక్కటే, ఇదిగో నా కళ్లముందే ఉంది. మిగతావన్నీ నువ్వా లిఫ్టు దగ్గరికి వెళ్లకముందే నింపేసి ఉన్నాయి… నువ్వు నొక్కినా నొక్కకపోయినా అలాగే ఉండేవి… ఎవరు నింపారా. నీ ఎదురుగానే ఉన్నాడు.

…

బాబాయ్… ఏడవకు. సరే, ఏడు.

ఆ కాగితం మీద సంతకం పెట్టకు… చించేశావా? ఎప్పుడు?… వాడు ‘ఎక్కొద్దు’ అన్నప్పుడా. మంచి పని చేశావు.

ఇంటికెళ్లు ఇక. దారిలో పిన్ని ఎదురైతే వెనక్కి తీసుకెళ్లు. రేపొచ్చి నేనే ఆవిడతో మాట్లాడతాను. పొద్దున ఆవిణ్ణి చూసి కూడా పలకరించకుండా వచ్చేశాను, వచ్చి చెప్పుకుంటాను.

ఇంటికి కాదా? మరెక్కడికి?… పాప కింద ఉందనా. వాళ్లు ఎప్పుడో ఒకప్పుడు ఆ లిఫ్టు ఎక్కుతారనా… బ్రేకు చూసి గానీ కదలవా. పానా ఎక్కడుందో వీళ్లకి తెలీదా. సణుగు బాబాయ్, సణుగు. ఆ సణుగుడు విని ఎన్నాళ్లైందో… సరే, నీ ఇష్టం. చూశాక నువ్వే పెట్టు. బాగుంటే బాగుందని, బాగాలేకపోతే లేదని. నువ్వు ఏది పెడితే అదే ఉంటుంది, దాన్ని ఎవడూ మార్చకుండా నేను చూసుకుంటాను.

ఫోను వాడికివ్వు.

ఊఁ, నువ్వా… నన్నడుగుతావేంటి క్షమించమని, నా కాలేమైనా నలిగిందా?… రేపు నువ్వు మాట్లాడాల్సింది ఇన్‌స్పెక్టర్‌తో. అది అయ్యాక ఆస్పత్రికి. ఈసారి పళ్లు కాదు, నువ్వే వెళ్లు. నాతో నీకేం లేదు… లేదు, నాకూ నీతో ఏం లేదు.

పాప ఎదురుచూస్తోందిగా, వెళ్లు.

ఆ చప్పుడేంటి?… మెట్లా.

ఎనిమిది అంతస్తులూ మెట్ల మీదుగానేనా?

…

ఊఁ. జాగ్రత్తగా దిగు. పెట్టేస్తున్నాను.